అరకు యాత్ర వీడియోను కథగా కూర్చడం: మీ ప్రశ్నకు వివరమైన సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇది. నవంబరులో అమ్మానాన్నలతో, భార్యాపిల్లలతో కలిసి విశాఖపట్నం నుంచి కిరండూల్ రైలులో అరకు వెళ్లారు. మూడు రోజుల్లో ఫోనుతో సుమారు 4 గంటల దృశ్యాలు తీశారు. వాటిని 22 నిమిషాల వీడియోగా కూర్చి బంధువులకు పంపితే రెండు మూడు నిమిషాలకు మించి ఎవరూ చూడలేదు. మంచి కెమెరా కొనాలా, జింబల్ (చెయ్యి వణికినా ఫోనును నిలకడగా పట్టి ఉంచే పిడి) కావాలా, డ్రోన్ ఉంటే బాగుంటుందా, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, ఏ పాట పెట్టాలి అని అడిగారు. వీటన్నిటి నడుమ మాటవరసకు అన్నట్టు ఒక వాక్యం రాశారు: మీ నాన్నగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే లైనులో శిమిలిగూడ దగ్గర పట్టాల బాగోగులు చూసే గ్యాంగ్‌మన్‌గా పనిచేశారని, బదిలీ అయ్యాక మళ్లీ ఇప్పుడే ఆ కొండ ఎక్కారని, అప్పట్లో తాము కాపురమున్న క్వార్టర్స్ ఇంకా ఉన్నాయో లేదో చూడాలని దారి పొడుగునా అంటూనే ఉన్నారని. ఆ సంగతి మీ వీడియోలో పద్నాలుగో నిమిషంలో గానీ రాదు.

మీరు పంపిన వీడియోను పూర్తిగా చూశాను. పెళ్లి వీడియోల కూర్పుతో మొదలుపెట్టి చాలాకాలంగా డాక్యుమెంటరీల ఎడిటింగ్ చేస్తున్న వ్యక్తిగా నేను చెప్పగలిగింది ఏమిటంటే, మీకు కొత్త కెమెరా అవసరం లేదు. మీరు తీసిన దృశ్యాల్లో మంచి సినిమా ఉంది. అయితే మీరు దానిని రోజుల వరుసలో పేర్చారు: రైలు, బొర్రా గుహలు, హోటలు, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, చాపరాయి, కాఫీ తోటలు, తిరుగు ప్రయాణం. ఈ వరుస మీ జ్ఞాపకానికి సరిపోతుంది, ఎందుకంటే ఒక్కో చోట ఏం జరిగిందో మీ మనసు దానంతటదే పూరించుకుంటుంది. అక్కడికి రాని వాళ్లకు ఆ పూరింపు లేదు. పైగా అరకు అందాలు మీ బంధువులందరూ ఇప్పటికే ఎన్నో వీడియోల్లో చూశారు. వాళ్లకు మరెక్కడా దొరకనిది, మీ దగ్గర మాత్రమే ఉన్నది, మీ నాన్నగారు ఆ కొండను తిరిగి చూడడం.

యాత్రా వీడియోను చివరిదాకా చూపించేది స్థలం మీద ఆసక్తి కాదని నా నమ్మకం. ఒక మనిషికి ఆ స్థలంతో ఉన్న పని ఏమిటో, అది నెరవేరిందో లేదో తెలుసుకోవాలన్న కోరికే మనల్ని కూర్చోబెడుతుంది. మీ నాన్నగారి పని స్పష్టంగా ఉంది: ఆయన తన పాత ఇంటిని వెతుకుతున్నారు. ఆ ఇల్లు ఉందా, లేదా? ఈ ప్రశ్నను మొదటి నిమిషంలోనే ప్రేక్షకుడి చేతిలో పెడితే, ఆ తర్వాత వచ్చే సొరంగాలు, లోయలు, మంచు, వలిసె పూల పసుపు అన్నీ ఆ ప్రశ్నకు అటూ ఇటూ నిలబడి అర్థవంతమవుతాయి. ఆ ప్రశ్న లేకపోతే అవి ఒకదాని వెనుక ఒకటి వచ్చే అందమైన బొమ్మలుగానే మిగులుతాయి.

ఇక పనిలోకి వద్దాం. ముందుగా, తీసిన 4 గంటల దృశ్యాలను ఏమీ కత్తిరించకుండా మొదటి నుంచి చివరి వరకు ఒకసారి చూడండి. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని క్లిప్ సంఖ్య, సమయం, అందులో ఏం కనిపించింది, ఏం వినిపించింది అన్నవి విడివిడిగా రాయండి. వినిపించినదాన్ని విడిగా రాయమనడానికి కారణం ఉంది. ఫోనుతో తీసేటప్పుడు మన కళ్లు తెర మీద ఉంటాయి, చెవులు పనిచేయవు. కెమెరా వెనుక నుంచి వచ్చిన మంచి మాటలు ఎన్నో అలా మన దృష్టికి రాకుండా ఉండిపోతాయి. చూస్తున్నప్పుడు మీకు నవ్వు వచ్చిన చోట, గొంతు పట్టినట్టయిన చోట, తెలియకుండా ముందుకు వంగిన చోట ఒక గుర్తు పెట్టండి. ఆ మొదటి స్పందన మళ్లీ రాదు. పదిసార్లు చూశాక ఏ క్లిప్ మంచిదో చెప్పడం మీకే కష్టమవుతుంది, అప్పుడు ఈ గుర్తులే దారి చూపిస్తాయి.

ఈ పని చేస్తే మీకు తప్పక తగిలే క్లిప్ ఒకటి ఉంది, అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. మీ వీడియోలో పద్దెనిమిదో నిమిషం దగ్గర, కారులో శిమిలిగూడ వెళ్లినప్పటి దృశ్యాల్లో, నాన్నగారు ఒక పనస చెట్టు మీద చెయ్యి వేసి అమ్మగారి వైపు తిరిగి ఏదో అంటారు. క్వార్టర్స్ ఉన్న చోట ఇప్పుడు వేరే కట్టడం ఉందని, ఆ చెట్టును మాత్రం ఆయన గుర్తుపట్టారని మీరు తెర మీద అక్షరాల్లో రాశారు. ఆ దృశ్యానికి మీరు ఇచ్చింది ఆరు సెకన్లు. వాటి మీద ఒక సినిమా పాట నడుస్తోంది. ఆయన ఏమన్నారో, అమ్మగారు ఏం బదులిచ్చారో ఎవరికీ వినిపించదు. మీ సినిమా మొత్తం ఏ ప్రశ్న కోసం నడవాలో దాని జవాబు ఆ ఆరు సెకన్లలో, ఆ పాట కింద ఉంది. అసలు క్లిప్ మీ ఫోనులో పూర్తిగా ఉండే ఉంటుంది, దాని శబ్దంతో సహా. దాన్ని బయటికి తీయండి, ముందు వెనుకలు కలిపి ఎంత నిడివి ఉంటే అంత చూడండి. ఆయన చెట్టు వైపు నడుస్తున్న అడుగులు, చెట్టును తాకకముందు ఆగిన క్షణం, ఆ మాట, ఆ తర్వాతి మౌనం అన్నీ అందులో ఉంటే, నిమిషమైనా సరే దాన్ని అలాగే ఉంచండి. గొప్ప క్షణం దొరికినప్పుడు కూర్పరి చేయవలసింది తప్పుకుని దారి ఇవ్వడమే.

మొదటి అరనిమిషం సంగతి. మీ వీడియో ఇప్పుడు పేరు అక్షరాలతో, సంగీతంతో, విశాఖ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద సామాను దృశ్యాలతో మొదలవుతోంది. నేనైతే రైలు శృంగవరపుకోట దాటాక నాన్నగారు కిటికీ దగ్గరికి జరిగి, మనవడి భుజం తట్టి, 'ఇక్కడి నుంచే ఘాటు, బేగి రా, చూడు' అన్న క్లిప్‌తో ప్రారంభిస్తాను. పేరు లేదు, సంగీతం లేదు, రైలు చప్పుడు మాత్రమే. మనవడు 'మీ ఇల్లు కనిపిస్తుందా తాతా?' అని అడుగుతాడు. సరిగ్గా అప్పుడే రైలు సొరంగంలోకి వెళ్లి తెర నల్లబడుతుంది. ఆ చీకటిలో పేరు వేయండి. ఇంతకంటే మంచి ప్రారంభాన్ని డబ్బు పెట్టి కూడా కల్పించలేరు. అది మీ ఫుటేజీలో రెండో రోజు కాదు, మొదటి రోజే, నాలుగో క్లిప్‌లోనే ఉంది.

ఆ లైనులోని సొరంగాలు కూర్పుకు చేసే మేలు ఇంకొంత ఉంది. కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని 1960లలో ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడం కోసం తూర్పు కనుమలను తొలిచి వేశారు. సొరంగాల మీద సొరంగాలు వస్తాయి. ప్రతి సొరంగమూ మీకు సహజమైన కట్ ఇస్తుంది: ఒక కిటికీ నుంచి చీకటిలోకి వెళ్లి, మరో కిటికీ నుంచి, మరో గంటలో, మరో మనిషి ముఖం మీద వెలుగులోకి రావచ్చు. గంటల ప్రయాణాన్ని నిమిషంన్నరలోకి కుదించడానికి మీరు వాడిన పేజీ తిరిగే ఎఫెక్టులు, చక్రం తిరిగే ఎఫెక్టులు ఇక అక్కర్లేదు. చీకటిలో పిల్లలు వేసే కేకలను మాత్రం పోనివ్వకండి. చిత్రం నల్లబడినా శబ్దం కొనసాగితే ప్రేక్షకుడు కూడా ఆ పెట్టెలోనే కూర్చున్నట్టు ఉంటుంది. ఖనిజం నింపుకుని ఎదురుగా దిగివస్తున్న గూడ్సు బండి క్లిప్ ఒకటి మీ దగ్గర ఉంది. దాన్ని నాన్నగారి మాటల పక్కన వాడండి, ఎందుకంటే ఆ బండ్ల కోసమే ఆ పట్టాలు, ఆ పట్టాల కోసమే ఆయన ఉద్యోగం.

దృశ్యాలను జోడించడం గురించి మీకు బహుశా తెలిసిన సూత్రమే గుర్తు చేస్తాను. సుమారు వందేళ్ల కిందట లెవ్ కులెషోవ్ అనే రష్యన్ దర్శకుడు ఒకే నటుడి నిర్వికారమైన ముఖాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక యువతి పక్కన చేర్చి చూపిస్తే, ప్రేక్షకులు ఆ ముఖంలో ఆకలిని, దుఃఖాన్ని, కోరికను చూశారని చెబుతారు. రెండు షాట్లు పక్కపక్కన నిలిస్తే వాటిలో ఏ ఒక్కదానిలోనూ లేని మూడో అర్థం పుడుతుందన్నమాట. మీ వీడియోలో లోయల దృశ్యాలు ఒకచోట, మనుషుల దృశ్యాలు మరోచోట గుత్తులుగా ఉన్నాయి. వాటిని విడదీసి అల్లండి: నాన్నగారు చూస్తున్నారు, ఆయన చూస్తున్నది మనం చూస్తాం, మళ్లీ ఆయన ముఖం. ఇలా మూడు షాట్లు కలిస్తే లోయ పిక్చర్ పోస్టుకార్డు కావడం మాని ఆయన అనుభవమవుతుంది.

ఇక్కడ ఒక నియమం పెట్టుకోమని గట్టిగా కోరుతున్నాను. ఈ ఉపాయంతో లేని భావాన్ని ఉన్నట్టు చూపించడం చాలా సులభం. ఆయన ఉదయం తొమ్మిదికి చూసిన చూపును పది గంటలకు కనిపించిన లోయకు జోడిస్తే అది అబద్ధం కాదు, ఆయన ఆ రోజంతా అలాగే చూశారు. అదే బొర్రా గుహల్లో మెట్లెక్కి అలసి కళ్లు తుడుచుకున్న షాట్‌ను తెచ్చి పనస చెట్టు పక్కన పెడితే, ఆయన ఏడ్చినట్టు మీరు కల్పించినవాళ్లవుతారు. వీడియో చూసే ఇంటివాళ్లకు అది తెలియకపోవచ్చు, ఆయనకు తెలుస్తుంది.

ఒకే చోట నిలబడి తీసిన పొడవాటి షాట్లే ఎక్కువ ఉన్నాయి, దగ్గరి షాట్లు లేవన్నది మీ మరో బాధ. దానికి కొంత పరిష్కారం ఉంది. మీరు 4కేలో, అంటే 3840 × 2160 పిక్సెళ్లతో తీశారు. తుది వీడియోను 1920 × 1080లో తయారుచేస్తే ఏ షాట్‌నైనా రెండింతల వరకు దగ్గరికి లాగినా స్పష్టత తగ్గదు. ఒకే క్లిప్ నుంచి దూరపు చూపు, నడుము వరకు కనిపించే చూపు, చేతుల మీద దగ్గరి చూపు మూడూ తీసుకోవచ్చు. అయితే దూరం నుంచి దగ్గరికి మారేటప్పుడు తేడా బాగా కనిపించాలి. కొద్దిగా మాత్రమే పెంచితే తెర తుళ్లిపడినట్టు ఉంటుంది. కట్ ఎక్కడ వేయాలన్నదానికి నమ్మదగిన చోటు కదలిక మధ్యభాగం: ఆయన తల తిప్పుతున్నప్పుడు, అమ్మగారు టిఫిన్ డబ్బా మూత తీస్తున్నప్పుడు, పాప మెట్టు దిగుతున్నప్పుడు. కన్ను కదలికను అనుసరిస్తూ కట్‌ను గమనించదు.

కెమెరాను ఎడమ నుంచి కుడికి తిప్పుతూ తీసినవి మీ దగ్గర చాలా ఉన్నాయి. వాటిలో కెమెరా ఆగాక మిగిలిన రెండు మూడు సెకన్లే చాలాచోట్ల పనికొస్తాయి. తిప్పడం మధ్యలో కట్ చేసి మరో తిప్పుడులోకి వెళ్లకండి, చూసేవాళ్లకు తల తిరుగుతుంది. చాపరాయి దగ్గర నీటిలో పిల్లల ఆటను స్లో మోషన్‌లో పెట్టారు, అది కుదుపులు కుదుపులుగా కదులుతోంది. సెకనుకు 30 ఫ్రేములతో తీసినదాన్ని సాగదీస్తే అలాగే అవుతుంది. 60 ఫ్రేములతో తీసినదాన్ని 30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో (సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు పేర్చే పట్టీలో) సగం వేగంతో నడిపితేనే నున్నగా ఉంటుంది. ఉన్నదాన్ని మామూలు వేగంతోనే ఉంచండి. నీళ్లు చిమ్ముకునే పిల్లలకు అదే నప్పుతుంది.

ప్రఖ్యాత కూర్పరి వాల్టర్ మర్చ్ మంచి కట్‌కు ఉండవలసిన ఆరు గుణాలకు మార్కులు వేసి, వాటిలో భావానికి 51 శాతం, కథకు 23 శాతం, లయకు 10 శాతం ఇచ్చారు. స్థలంలో ఎవరు ఎటు ఉన్నారన్న సాంకేతిక కొనసాగింపులకు అన్నిటికంటే తక్కువ మిగిల్చారు. ఔత్సాహికులు సాధారణంగా దీనికి తలకిందులుగా ఆలోచిస్తారు. వణికిన షాట్ అని, కాస్త మసకగా ఉందని మంచి క్షణాన్ని పక్కన పడేసి, స్థిరంగా ఉన్న ఖాళీ దృశ్యాన్ని ఉంచుతారు. జింబల్ గురించి మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. పనస చెట్టు దగ్గర మీ చెయ్యి వణికింది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో సరిచేయాలని కూడా ప్రయత్నించవద్దు.

శబ్దం గురించి ఎంత చెప్పినా తక్కువే. మసక చిత్రాన్ని జనం సహిస్తారు, వినబడని మాటను సహించరు. ముందు మీ టైమ్‌లైన్‌లో ఉన్న నాలుగు సినిమా పాటలనూ తీసేయండి. హక్కుల సమస్య ఒకటి ఎటూ ఉంది: యూట్యూబ్‌లో పెడితే దాని కంటెంట్ ఐడీ వ్యవస్థ పాటను గుర్తుపట్టి హక్కుదారుకు తెలియజేస్తుంది, ఆ తర్వాత వీడియోకు ఏమవుతుందో వాళ్ల ఇష్టం. కానీ నేను తీసేయమనేది అందుకు కాదు. పాట వినగానే ప్రేక్షకుడికి ఆ సినిమా గుర్తొస్తుంది. ఆ తెర మీది నాయిక, ఆ కాలం, ఆ కథ అన్నీ వచ్చి మీ నాన్నగారి మీద కూర్చుంటాయి. పాటలు తీసేశాక మొదటి రఫ్ కట్‌ను, అంటే తొలి ముతక కూర్పును, సంగీతమే లేకుండా పూర్తి చేయండి. సంగీతం లేకుండా నిలబడని దృశ్యం కథలో అక్కర్లేనిదై ఉండే అవకాశం ఎక్కువ. తర్వాత కావాలంటే ఒకటి రెండు చోట్ల, మాట లేని చోట, యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా దొరికే ఒక సన్నని వాయిద్యాన్ని చేర్చండి. మాటల కింద సంగీతం ఉంటే మాట కన్నా 15 నుంచి 20 డెసిబెల్స్ తక్కువలో ఉంచండి. రిసార్టులో థింసా నృత్యం తీసినచోట తుడుము, డప్పు చప్పుడు అసలు శబ్దంలో ఉంది, దాని మీద మీరు వేరే పాట వేశారు. ఆ అడుగులు ఆ చప్పుడుకే పడుతున్నాయి, మరో తాళానికి వాటిని కట్టేయడం నాట్యమాడుతున్న ఆ స్త్రీలకు కూడా న్యాయం కాదు.

తర్వాత శబ్దాన్ని చిత్రం కంటే ముందుగానో వెనుకగానో నడపడం నేర్చుకోండి. వచ్చే దృశ్యం శబ్దం ముందుగా వినిపిస్తే జె కట్ అంటారు, పోయిన దృశ్యం శబ్దం తర్వాతి చిత్రం మీద కొనసాగితే ఎల్ కట్ అంటారు. హోటల్ గదిలో పిల్లలు నిద్రపోతున్న షాట్ మీద సంత కేకలు మొదలై, రెండు సెకన్ల తర్వాత సంత కనిపిస్తే, తెల్లవారిందని ఎవరూ చెప్పనక్కర్లేదు. మీ వీడియోలో చిత్రమూ శబ్దమూ ప్రతిసారీ ఒకేచోట తెగుతున్నాయి, అది ఔత్సాహిక వీడియో అని మొదట పట్టిచ్చేది అదే. ఈ ఒక్క మార్పుతో కూర్పు సగం మెరుగుపడుతుంది. గాలి హోరు ఉన్నచోట తక్కువ పౌనఃపున్యాలను, సుమారు 80 నుంచి 100 హెర్ట్జ్ కింద ఉన్నవాటిని, తగ్గించండి. అప్పటికీ మాట తేలకపోతే ఆ మాటను తెర మీద అక్షరాల్లో వేయండి.

ఇప్పుడు మీరు కొత్తగా చేయవలసిన రికార్డింగ్ ఒకటి ఉంది. నాన్నగారిని ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడించండి. ఫ్యాను ఆపండి, కిటికీలు మూయండి, పరుపులూ బట్టలూ ఉన్న పడకగది అయితే ప్రతిధ్వని తక్కువ. ఫోనును ఆయన నోటికి ఒక అడుగు లోపు దూరంలో పెట్టండి. 'అరకు మళ్లీ చూస్తే ఎలా అనిపించింది?' అని అడగకండి. 'బాగుంది' అంటారు, అక్కడితో అయిపోతుంది. చేసిన పని గురించి అడగండి. వానాకాలంలో రాత్రి గస్తీకి వెళ్లేటప్పుడు చేతిలో ఏమేం ఉండేవి? కొండచరియ విరిగి పట్టాల మీద పడితే వచ్చే బండిని ఎలా ఆపేవారు? సొరంగంలో ఉండగా బండి వస్తే ఎక్కడ నిలబడేవారు? అమ్మగారు మొదటిసారి ఆ క్వార్టర్స్‌కు వచ్చినప్పుడు నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు? ఘాట్ సెక్షన్‌లో వానాకాలపు గస్తీ అంటే దీపమూ, ప్రమాద సూచనకు పట్టాల మీద పెట్టే డిటోనేటర్లూ పట్టుకుని చీకట్లో మైళ్ల కొద్దీ నడవడం. దాన్ని చేసిన మనిషి నోట వినడానికి ఎవరైనా ఆగుతారు. అమ్మగారిని కూడా పక్కన కూర్చోబెట్టండి. ఆయన మరిచిపోయినవి ఆమె అందిస్తారు, ఆయనతో ఆమె విభేదించిన చోట్లు అన్నిటికంటే బాగుంటాయి.

ఈ మాటల నుంచి రెండున్నర మూడు నిమిషాలు ఎంచుకుంటే అదే మీ వ్యాఖ్యానం. మీరు మీ గొంతుతో చదివిన వ్యాఖ్యానాన్ని చాలావరకు తీసేయవచ్చు. అందులో 'ఇప్పుడు మనం అందమైన లోయను చూస్తున్నాం' వంటి వాక్యాలు కంటికి కనిపిస్తున్నదాన్నే చెబుతున్నాయి. కంటికి కనిపించనిది చెప్పినప్పుడే వ్యాఖ్యానానికి పని. శిమిలిగూడ సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉందని, ఒకప్పుడు దేశంలో అత్యంత ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా దానికి పేరుండేదని ఒక్క వాక్యం చెబితే, ఆయన ఎంత ఎత్తులో, ఎంత చలిలో పనిచేశారో తెలుస్తుంది. కాఫీ తోట దృశ్యంలో పొడవాటి సిల్వర్ ఓక్ చెట్లు కాఫీకి నీడనిస్తాయని, వాటికి మిరియాల తీగలు పాకిస్తారని చెప్పండి. చూస్తున్న కన్ను వెంటనే ఆ తీగలను వెతుక్కుంటుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి నిజమే గానీ, ఈ కథకు దానితో పని లేదు, వదిలేయండి.

ఆయన ఉత్తరాంధ్ర యాసను ఎక్కడా సరిదిద్దకండి. మీ అక్కగారి పిల్లలు అమెరికాలో పెరిగారని, తెలుగు అంతంతమాత్రమని రాశారు. వాళ్ల కోసం కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేయండి. ఒక్కో దఫా రెండు వరుసలకు మించకుండా, నెమ్మదిగా రెండుసార్లు చదవగలిగేంత సేపు ఉంచండి. గొంతు మాత్రం తాతదే వాళ్లకు చేరాలి.

నిడివి 7 లేదా 8 నిమిషాలు చాలు. పద్మాపురం తోట, మ్యూజియం, హోటల్ గది పరిచయం, భోజనాల దృశ్యాల్లో చాలా భాగం పోతాయి. బొంగులో చికెన్ తయారీ ఉంచాలని మీకు ఉంటుంది. వెదురు కాలుతున్న చప్పుడుతో పది సెకన్లు ఉంచండి, అప్పుడు నాన్నగారు నిప్పు దగ్గర చేతులు కాచుకుంటూ కనిపిస్తారు కనుక అది కథలోనే ఉంటుంది. బొర్రా గుహల్లో మీరు తీసినది 40 నిమిషాలుంది. గోస్తనీ నది నీరు సున్నపురాతిని కరిగిస్తూ చేసిన ఆ గుహలు నిజంగా అద్భుతం. కానీ ఫోను చీకట్లో తీసిన దృశ్యాల్లో గరుకుదనం ఎక్కువ, వాటిని ప్రకాశవంతం చేసేకొద్దీ అది పెరుగుతుంది. నల్లగా ఉన్నదాన్ని నల్లగానే వదిలి, మనుషులు నీడలుగా కనిపించే రెండు మూడు షాట్లు, నీటి బొట్టు శబ్దం, పిల్లల ప్రతిధ్వని ఉంచితే చాలు. మిగిలినవన్నీ పిల్లల కోసం వేరే చిన్న వీడియోగా కూర్చవచ్చు. తీసేస్తున్నప్పుడు ప్రాణం ఒప్పదని నాకు తెలుసు. తీసేసినది నాశనం కాదు, మీ డిస్కులో ఉంటుంది.

రంగుల విషయంలో నా సలహా చిన్నది. ముందు వెలుగు, తెలుపు సమతూకం సరిచేయండి; ఒక దృశ్యం నుంచి మరొక దృశ్యానికి ముఖాల రంగు మారకుండా చూడండి. ఫిల్టర్లు తీసేయండి. నవంబరు ఉదయపు మంచును కాంట్రాస్ట్ పెంచి తుడిచేశారు, అది మసక కాదు, ఆ ఊరి వాతావరణం. హోటల్ దీపాల కింద తీసిన దృశ్యాల్లో మినుకు మినుకుమనే చారలు వచ్చాయి. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి లోపల తీసేటప్పుడు షట్టర్ వేగం 1/50 లేదా 1/100 పెట్టుకుంటే ఆ చారలు రావు. ఇది వచ్చే ప్రయాణానికి. రైలు కిటికీ అద్దం గుండా తీసేటప్పుడు ఫోనును అద్దానికి పూర్తిగా ఆనించి పట్టుకుంటే లోపలి ప్రతిబింబాలు పడవు. పెద్ద గాజు కిటికీలుండే విస్టాడోమ్ పెట్టెలో వెళ్తే ఇది మరీ అవసరం.

సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటే. కంప్యూటర్ ఉంటే డావిన్చి రిజాల్వ్ ఉచిత రూపం మీ అవసరానికి మించినది. కంప్యూటర్ నెమ్మదిస్తే ప్రాక్సీ ఫైళ్లు (అసలు క్లిప్పుల తేలికపాటి నకళ్లు) చేసుకుని పనిచేయండి. ఫోన్లు ఫ్రేము రేటును తీస్తూ తీస్తూ మార్చుకుంటాయి కనుక పొడవాటి క్లిప్పుల్లో మాటకూ పెదవికీ పొంతన తప్పవచ్చు. అలాంటివాటిని హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్థిరమైన ఫ్రేము రేటుకు మార్చి తీసుకోండి. పని మొదలుపెట్టే ముందు అసలు ఫైళ్లను రెండు వేర్వేరు డిస్కుల్లో దాచండి.

డ్రోన్ కొనవద్దని చెబుతాను. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎక్కడ ఎగరవేయవచ్చో ప్రభుత్వ వెబ్‌సైట్ డిజిటల్ స్కైలోని పటంలో చూసుకోవాలి. విశాఖ నౌకాదళ కేంద్రం కనుక అక్కడ ఆంక్షలు ఎక్కువ. అంతకన్నా ముఖ్యంగా, ఆకాశం నుంచి తీసిన లోయ ఎవరి చూపూ కాదు, ఈ కథలో దానికి చోటు లేదు. సంతలో తీసిన గిరిజన స్త్రీల దగ్గరి ముఖాలు రెండు మీ వీడియోలో ఉన్నాయి, వాళ్లు తల పక్కకు తిప్పుకుంటున్నారు. ఆ రెండు షాట్లనూ తీసేయండి. వచ్చేసారి ముందు పలకరించి, అడిగి, ఒప్పుకుంటేనే తీయండి.

ముగింపు విషయానికి వస్తే, పనస చెట్టు దృశ్యం తర్వాత మీ వీడియో ఇంకా నాలుగు నిమిషాలు నడుస్తోంది: చాక్లెట్లు కొనడం, కారు ప్రయాణం, ఇంటికి చేరి బూట్లు విప్పడం. ప్రశ్నకు జవాబు దొరికిన అరనిమిషంలో వీడియో ముగియాలి. చెట్టు, ఆ మాట, ఆ తర్వాత మరొక్క షాట్. కృతజ్ఞతల అక్షరాలు, చందాదారులు కమ్మనే అభ్యర్థన వద్దు.

రఫ్ కట్ అయ్యాక మీ కుటుంబంతో పరిచయం లేని ఒకరిద్దరికి చూపించండి. 'ఎలా ఉంది?' అని అడగకుండా వాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు ఎక్కడ ఫోను తీశారో, ఎక్కడ కుర్చీలో సర్దుకున్నారో సమయం రాసుకోండి. చూడడం పూర్తయ్యాక ఒకే ప్రశ్న అడగండి: ఆ పెద్దాయన దేని కోసం వెళ్లారు? వాళ్లు వెంటనే చెప్పలేకపోతే మీ మొదటి నిమిషం ఇంకా సరిగ్గా కుదరలేదన్నమాట, మళ్లీ అక్కడికే వెళ్లండి. చెప్పగలిగితే, వాళ్లు ఫోను తీసిన చోట్లను మాత్రం బిగించి, మాటలు గరిష్ఠంగా -6 డెసిబెల్స్ దాటకుండా సరిచూసి, చవకబారు ఫోను స్పీకరులో ఒకసారి, ఇయర్‌ఫోన్లలో ఒకసారి విని ఎగుమతి చేయండి. బంధువులకు వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది నాణ్యతను బాగా కుదిస్తుంది కనుక డాక్యుమెంటుగా పంపండి. నాన్నగారి ఇంటి రికార్డింగ్‌లో మీరు వాడని భాగమే ఎక్కువ ఉంటుంది. దాన్ని కత్తిరించకుండా, తేదీతో పేరు పెట్టి, అసలు ఫైళ్ల పక్కనే ఉంచి, ఒక ప్రతిని అక్కగారికి కూడా పంపండి.